పరీక్ష కోసం చదివిన కావ్యాలు

మూసీకి దక్షిణాన, పాతనగరం ప్రాకారానికి ఆవల, ఆగ్నేయ దిక్కున ఉంది సైదాబాద్. 1901లో ఆ పక్కవాళ్లు తెలుగు పుస్తకం కోసం గ్రంథాలయానికి పోవాలంటే చాదర్‌ఘాట్ వంతెన దాటి రెసిడెన్సీ వైపు రావలసిందే. ఆ ఏడాది సెప్టెంబరు 1న అక్కడే రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. మునగాల రాజా నాయని వెంకటరంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు దాని వెనక నిలబడ్డారు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజధానిలో ఒక తెలుగు గ్రంథాలయానికి ఆముక్తమాల్యద రాసిన రాజు పేరు పెట్టడం యథాలాపంగా జరిగిన పని కాదు. అయితే అదే లక్ష్మణరావు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని పెట్టినప్పుడు ముందుగా అచ్చువేయించింది ప్రబంధాలను కాదు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్రను. పాత కావ్యం గౌరవానికి, కొత్త వచనం చదువుకోవడానికి అన్న విభజన అప్పటికే వచ్చేసిందన్నమాట.

ఈ తరం పిల్లలు మనుచరిత్ర, వసుచరిత్ర చదువుతారా అని ఇప్పుడు దిగులుపడేవాళ్లు ఒకప్పుడు అందరూ చదివేవారన్న ధీమాతో మాట్లాడతారు. ఆ ధీమాకు ఆధారం తక్కువ. గోలకొండ కాలమే తీసుకుందాం. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఇబ్రహీం కుతుబ్‌షాకు అంకితమిచ్చాడు. పొన్నగంటి తెలగనార్యుడు తొలి అచ్చతెలుగు కావ్యమైన యయాతిచరిత్రను పటాన్‌చెరు పాలకుడు అమీన్‌ఖాన్‌కు ఇచ్చాడు. ఇవి కొలువులో వినిపించిన కావ్యాలు. ఊళ్లలో పురాణ కాలక్షేపం సంగతీ అంతే: ఒకరు చదివి అర్థం చెబుతుంటే అరుగు నిండా జనం వినేవారు. పోతన పద్యాలు నోటికి వచ్చినవారిలో అక్షరం రానివారు ఎందరో. శ్రోతలు వేలల్లో ఉంటే చదువరులు వేళ్లమీద లెక్కపెట్టేటంత మంది. కాబట్టి చదివేవారు తగ్గిపోయారనేకంటే, వినే అలవాటు పోయాక ఆ ఖాళీని చదువు పూర్తిగా నింపలేదనడం సరైన మాట.

మరి హైదరాబాద్ యువకులు ప్రాచీన కావ్యాల దగ్గరికి ఎప్పుడు వచ్చారు? కేవలం రసాస్వాదన కోసం మందలుగా వచ్చిన కాలమేదీ నాకు కనిపించదు. ప్రతిసారీ ఏదో ఒక అవసరం వారిని తీసుకొచ్చింది.

మొదటి అవసరం ఆత్మగౌరవం. 1921 నవంబరులో వివేకవర్ధనీ థియేటర్‌లో జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గోల చేసి అడ్డుపడ్డారు. ఆ అవమానంలోంచి ఆంధ్రజనసంఘం పుట్టింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న ఎత్తిపొడుపుకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. పద్యం రాయడం, పద్యం చదవడం ఆ రోజుల్లో ఉనికిని చాటుకునే పని.

రెండో అవసరం పట్టా. 1943లో ఏర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు, నేటి తెలంగాణ సారస్వత పరిషత్తు, ప్రాథమిక, ప్రవేశ, విశారద పరీక్షలు నడిపింది. బడిలో తెలుగు సరిగా దొరకని పిల్లలూ పెద్దలూ ఈ మెట్ల మీదుగానే ఛందస్సుకూ కావ్యానికీ వచ్చారు. అంతకు ముందే, 1931లో, మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ ఇదారె అదబియాతె ఉర్దూను స్థాపించారు. మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీ కవిత్వాన్ని పరిష్కరించి అచ్చుకు తెచ్చిందీ ఆయనే. ఆ సంస్థ కూడా మాహిర్, ఆలిమ్, ఫాజిల్ అంటూ పరీక్షలే పెట్టింది. ఒకే నగరంలో రెండు భాషల పెద్దలు విడివిడిగా ఒకే ఉపాయానికి వచ్చారు. పరీక్ష కోసం చదివేది చదువేనా అని సాహితీపరులు పెదవి విరుస్తారు కానీ, నేను విరవను. మార్కుల కోసం మొదలుపెట్టి పద్యానికి చిక్కినవాళ్లే తర్వాత బళ్లలో తెలుగు పంతుళ్లయ్యారు, మరో తరానికి పద్యం అందించారు.

పరీక్ష తెచ్చిన చదువరిని పరీక్షే తీసుకుపోయింది కూడా. ఇంటర్‌లో మార్కులు బాగా పడతాయని రెండో భాషగా సంస్కృతం తీసుకునే ఆనవాయితీ స్థిరపడ్డాక, పదో తరగతితోనే చాలామందికి తెలుగు పద్యంతో చుట్టరికం తెగిపోయింది. అలాగని వాళ్లు సంస్కృత కావ్యాలు చదువుతున్నారా అంటే అదీ లేదు. 2018లో తెలంగాణ చేసిన చట్టం తెలుగును ఒకటి నుంచి పది దాకా తప్పనిసరి చేసింది. అసలు గండి పది తర్వాత ఉంది.

ఇప్పుడు మూడో అవసరం నడుస్తోంది, అది ఉద్యోగం. సైదాబాద్ పక్కనే ఉన్న దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లు, నది అవతల చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే నిండిపోయే కుర్చీలు. అక్కడ కూర్చున్నవారు ఎక్కువమంది గ్రూప్స్ అభ్యర్థులు. తెలంగాణ సామాజిక, సాంస్కృతిక చరిత్ర సిలబస్‌లో ఉంది కాబట్టి పాల్కురికి సోమనాథుడు, పోతన, గోలకొండ కవుల సంచిక వారికి తప్పవు. పుస్తకం మార్జిన్లో ‘354’ అని రాసుకుని చుట్టూ గీత గీస్తారు. ఆ 354 మందిలో ఒక్కరి పద్యమైనా చూసినవారు ఎందరో చెప్పలేం. చూడమని ఏ బిట్ బ్యాంకూ అడగదు.

అయినా వారి బల్లల మీద ఒక మంచి తలుపు తెరిచే ఉంది. అది 1955లో సాహిత్య అకాడమీ బహుమతి పొందిన సురవరం ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. పోటీ పరీక్షలవాళ్లకు బాగా తెలిసిన పుస్తకం. రాజుల వరుస పక్కనపెట్టి జనం ఏం తిన్నారు, ఏం కట్టారు, ఏ ఆటలు ఆడారు అన్నది సురవరం కావ్యాల్లోంచి ఏరారు. క్రీడాభిరామమే చూడండి. ఓరుగల్లులో ఇద్దరు మిత్రులు ఒక రోజు తిరిగిన కథ అది. అందులో పూటకూళ్లింటి పద్యం ఒకటుంది. ఒక్క రూకకు మేలురకం బియ్యపన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, గడ్డపెరుగు. మెస్‌లో నెలకింత అని కట్టి తినే కుర్రాడికి ఆ పద్యం అర్థం కావడానికి పెద్ద వ్యాఖ్యానం అక్కర్లేదు, నాలుగు మాటలకు అర్థాలిస్తే చాలు. ప్రబంధాల్లోని అష్టాదశ వర్ణనలతో మొదలుపెట్టించి కుర్రాళ్లను తరిమేసే మన పాఠ్యప్రణాళికల కన్నా ఈ దారి నయమని నా అభిప్రాయం.

కావ్యాలు దొరకడం ఇవాళ ఇబ్బంది కాదు. ఆంధ్రభారతి వెబ్‌సైటులో కావ్యాలూ నిఘంటువులూ ఉచితంగా ఉన్నాయి. డబ్బు మాటకొస్తే, 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల సెస్సు గ్రంథాలయాలకు చెందాలి. సైదాబాద్‌లో ఆస్తిపన్ను కట్టేవారు దాన్నీ కడుతూనే ఉన్నారు. టీకాతాత్పర్యాలున్న పోతన భాగవతం, క్రీడాభిరామం గైడ్ల పక్కన అందుబాటులో ఉండాలని అడిగే హక్కు వారికుంది.

సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాలు తయారుచేసే పెద్దలకు ఒక మనవి. సంచికలో ఎందరు కవులని అడగడం ఇక చాలించండి. ఒక పద్యం అచ్చువేసి, కఠినపదాలకు అర్థాలిచ్చి, ఆ కాలపు జనజీవనం గురించి అందులో ఏం తెలుస్తోందని అడగండి. మరుసటి సంవత్సరానికి కోచింగ్ సెంటర్లే కావ్యాలు తెప్పించుకుంటాయి.