గాలిబుడగయు, జాలరి చెవియు

నీటి లోతు తెలియవలెనన్న పూర్వము నావికునకు తాడును సీసపుగుండును తప్ప వేఱొక సాధనము లేదు. గుండు అడుగున క్రొవ్వు పూసి దింపెడివారు. దాని కంటుకొని వచ్చిన ఇసుకను, గుల్లను చూచి అడుగునేల ఎట్టిదో చెప్పెడివారు. కాని పడవకును నేలకును నడుమ ఈదుచుపోవు చేపలమంద సంగతి ఆ గుండు చెప్పజాలదు. ఆ వార్తను తెచ్చినది ధ్వని. నేడు ఒక్క మనిషి కూర్చుండి తెడ్డు వేసికొను కయాక్ పడవలో సయితము చేపలజాడ తెలుపు యంత్రము అమరుచున్నది. దాని చరిత్రలో మాటిమాటికి ఎదురగు వస్తువు ఒకటి కలదు. అది గాలిబుడగ.

1826లో జెనీవా సరస్సుపై కొలడాన్, స్టర్మ్ అను శాస్త్రజ్ఞులు రెండు పడవలలో దూరదూరముగ నిలిచిరి. ఒక పడవనుండి నీట మునిగిన గంటను కొట్టిన క్షణముననే మందుగుండు వెలుగునట్లు ఏర్పాటు చేసిరి. రెండవ పడవలో కొలడాన్ నీటిలోనికి దింపిన గొట్టమునకు చెవి యొగ్గి వినెను. వెలుగునకును నాదమునకును నడుమనున్న కాలమును లెక్కించి, ధ్వని ఆ నీటిలో సెకండునకు సుమారు 1,435 మీటర్లు పోవునని తేల్చిరి. గాలిలో దాని వేగము ఇందు నాలుగవ వంతునకు మించదు.

1912లో టైటానిక్ ఓడ మంచుకొండను ఢీకొని మునిగిన పిమ్మట, కంటికి కనబడని అపాయమును ధ్వనిచే కనుగొను యత్నములు ముమ్మరమయ్యెను. మానవకంఠమును రేడియో ద్వారా పంపిన మొదటివారిలో ఒకడైన ఫెసెండెన్, 1914లో అట్లాంటిక్ సముద్రమున నీటిలోనికి ధ్వనిని పంపి, మంచుకొండనుండియు సముద్రపు అడుగునుండియు ప్రతిధ్వనిని వినెను. స్ఫటికమును నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో క్యూరీ సోదరులు కనుగొనియుండిరి. మొదటి ప్రపంచయుద్ధకాలమున, జలాంతర్గాముల జాడకై, ఫ్రాన్సునందు లాంజెవిన్ ఆ స్ఫటికమునే నీటిలో పలుకు నోరుగను, వినెడి చెవిగను చేసెను. నేటి ట్రాన్స్‌డ్యూసరునకు మూలమిదియే.

లోతు కొలుచుటకై పుట్టిన యంత్రము చేపలను చూపుట తొలుత జాలరులు కోరిన ఫలము కాదు. 1935లో నార్వే శాస్త్రజ్ఞుడు సుండ్, కాడ్ చేపల మందలు కాగితముపై గీతలుగా పడిన సంగతిని ప్రకటించెను. జపానులో నాగసాకి ప్రాంతపు ఫురునో సోదరులు, చేపలున్న చోట బుడగలు పైకి వచ్చునను జాలరుల మాటను శ్రద్ధగా వినిరి. బుడగ ధ్వనిని త్రిప్పికొట్టును గదా యని తలచి, లోతుమాపక యంత్రమును మార్చి, 1948లో జాలరులకు పనికివచ్చు యంత్రమును సిద్ధపఱచిరి. వారి ఊహలో నిజమున్నది. పెక్కు చేపల పొట్టలో గాలితిత్తి యుండును. ప్రతిధ్వనిలో పెద్దపాలు దానినుండియే వచ్చును. గాలితిత్తి లేని సొరచేప వంటి దాని జాడ అందుచేతనే మందముగా తోచును.

ట్రాన్సిస్టర్ వచ్చిన పిమ్మట పెట్టె చిన్నదయ్యెను. 1950ల చివర అమెరికాలో లోరెన్స్ కుటుంబమువారు చేత మోయదగిన యంత్రమును గాలము వేయువారికి అందించిరి. ఇన్యూయిట్ వేటకాండ్రు సీల్ చర్మముతో కట్టిన కయాక్ సయితము 1970లనుండి పాలిథిలీను మూసలలో తయారగుచు వచ్చెను. ఈ రెండును కలిసిన చోట పాతచిక్కు మరల ఎదురయ్యెను: చెవిని ఎక్కడ నుంచవలెను?

నీటిమట్టము దిగువ పడవకు రంధ్రము చేయుట అపాయము. ప్రక్కను కఱ్ఱకు కట్టి దింపినచో తెడ్డునకు అడ్డము; నాచు తగులుకొనును. పాలిథిలీను ధ్వనికి నీటివలెనే ఇంచుమించు సులభమైన దారి గనుక, పలువురు దానిని పడవలోపలనే అమర్చుదురు. ఒకే పొరగానున్న అడుగుభాగమును శుభ్రపఱచి, నురుగురబ్బరు కట్టను గుండ్రముగ అంటించి, అందు నీటినో జెల్లీనో నింపి, ట్రాన్స్‌డ్యూసరును నిలువుగా నేలవైపు చూచునట్లు మెల్లగా త్రిప్పుచు దింపుదురు. అడుగున ఒక బుడగ చిక్కినను ధ్వని అచ్చటనే వెనుదిరుగును, యంత్రము గ్రుడ్డిదగును. చేపలోని గాలి చేపను పట్టియిచ్చును. చెవిక్రింది గాలి చేపను దాచును. ఇట్లమర్చిన యంత్రము బలము కొంత తగ్గును. అది చూపు ఉష్ణత నీటిది గాక పడవ అడుగుదై యుండవచ్చును.

కావున శాశ్వతముగ అంటించుటకు ముందు, నీరు నింపిన చిన్న సంచిలో ట్రాన్స్‌డ్యూసరునుంచి, పడవ అడుగున నొక్కిపట్టి, నీటిపై పరీక్షించుట మేలు. పదిహేను మీటర్ల లోతునకు ధ్వని పోయి వచ్చుటకు సెకండులో ఏబదవ వంతు చాలును. ఆ లెక్క సరియో కాదో చెప్పగల సాక్షి మాత్రము నేటికిని ప్రాతదే: తాడునకు కట్టిన సీసపుగుండు.