వాల్వు సెట్టు, ట్రాన్సిస్టర్ సెట్టు: మా అన్నదమ్ముల తగవు

ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి రాయమని కార్యదర్శి గారు అడిగారు. క్యారియర్ రూముల్లో వాల్వు పరికరాలు విప్పి ట్రాన్సిస్టర్ పరికరాలు బిగించిన తరం మనది. అదే మార్పు మా ఇంట్లో రికార్డు ప్లేయర్ దగ్గర అన్నదమ్ముల తగవుగా దాదాపు నలభై ఏళ్ళు నడిచింది. దాని చరిత్రే రాస్తున్నాను.

ముందు అసలు వస్తువేమిటో చెప్పాలి. మనవాళ్ళ ఇళ్ళలో ఎక్కువగా ఉండిన పెట్టె ప్లేయర్లలో క్రిస్టల్ పికప్పో సిరామిక్ పికప్పో ఉండేది. అది ఇచ్చే సిగ్నలు గట్టిది. నేరుగా యాంప్లిఫయర్‌కి కలిపినా పాడేది. మాగ్నెటిక్ కార్ట్రిడ్జి అలా కాదు. నాదం నాణ్యంగా ఉంటుంది గానీ దాని నుంచి వచ్చేది సుమారు 5 మిల్లీవోల్టులే. దాన్ని వంద రెట్లు పెంచి యాంప్లిఫయర్‌కి అందించేదే ఫోనో ప్రీయాంప్లిఫయర్.

పెంచడం ఒక్కటే అయితే పేచీ లేదు. రికార్డు కోసేటప్పుడు మంద్రాన్ని తగ్గించి, తారాన్ని పెంచి కోస్తారు. మంద్రాన్ని ఉన్నదున్నట్టు కోస్తే గాడి మరీ అటూఇటూ ఊగి పక్క గాడిలో పడుతుంది. తారాన్ని పెంచకపోతే అది రికార్డు బుసలో కలిసిపోతుంది. వినేటప్పుడు ప్రీయాంప్లిఫయర్ ఈ పనిని తిరగేయాలి. 1948లో కొలంబియా కంపెనీ ఎల్పీ తెచ్చిన కొత్తలో ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. 1954లో అమెరికా రికార్డు పరిశ్రమ సంఘం ఒకే లెక్క ఖాయం చేసింది. ఆర్.ఐ.ఎ.ఎ. కర్వ్ అంటే అదే. దాని ప్రకారం 20 సైకిళ్ళ దగ్గర మధ్యస్వరం కంటే దాదాపు పది రెట్లు ఎక్కువ పెంచాలి. 20,000 సైకిళ్ళ దగ్గర దాదాపు పదో వంతుకు దించాలి. మన ఇంటి కరెంటు 50 సైకిళ్ళది కదా! పాటతోపాటు ట్రాన్స్‌ఫార్మర్ గుర్రు కూడా ఇక్కడే బాగా బలుస్తుంది.

మా అన్నయ్య 1966లో కట్టిన సెట్టుకు ఆ గుర్రు ఉండేది. ఇ.సి.సి. 83 వాల్వులు రెండు, 250 వోల్టుల సప్లయి. అమెరికా వాళ్ళు 12 ఎ.ఎక్స్. 7 అనే వాల్వు అదే; ఒకే గాజు బుడ్డిలో రెండు ట్రయోడ్లు. 1958లో వచ్చిన మరాంట్జ్ మోడల్ 7 అనే పేరుమోసిన ప్రీయాంప్లిఫయర్‌లో ఇవే ఆరు ఉండేవి. మన దేశంలో బెంగుళూరు బి.ఇ.ఎల్. వారు 1961లో రేడియో వాల్వులు, మరుసటి ఏడు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు మొదలుపెట్టారు. అన్నయ్యకు ష్యూర్ కార్ట్రిడ్జి మా బావగారు సింగపూర్ నుంచి తెచ్చిపెట్టారు. అది రావడమే పండుగ.

నేను 1970లో ట్రాన్సిస్టర్ ప్రీయాంప్లిఫయర్ కట్టాను. 1947లో బెల్ లేబరేటరీ వారు కనిపెట్టిన ట్రాన్సిస్టర్ అప్పటికి ఇళ్ళలోకి వచ్చేసింది. ఇంగ్లండులో క్వాడ్ కంపెనీ వాల్వుల క్వాడ్ 22 బదులు 1967లో ట్రాన్సిస్టర్ల క్వాడ్ 33 తెచ్చింది. నేను కట్టినది 12 వోల్టులది, సబ్బుపెట్టెలో పట్టేది. వేడి లేదు, గుర్రు లేదు. గర్వంగా తీసుకెళ్ళి అన్నయ్య ప్లేయర్‌కే తగిలించి సుబ్బులక్ష్మి గారి రికార్డు పెట్టాను.

కాసేపు విని, "ఒరేయ్, ఆవిడ పైకి వెళ్ళినప్పుడల్లా నీ పెట్టె గీసుకుంటోందిరా" అన్నాడు.

"కొత్తది నీకు పడదులే అన్నయ్యా" అన్నాను. ఆ మాట ఎన్ని పండుగలకు ఎన్నిసార్లు అన్నానో!

1973లో రస్సెల్ హామ్ అనే స్టూడియో ఇంజనీరు, ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో వాల్వులకూ ట్రాన్సిస్టర్లకూ చెవికి తెలిసే తేడా ఉందా అని ఒక వ్యాసం రాశాడు. మోతాదు మించిన సిగ్నలు పడితే ట్రయోడ్ వాల్వులో రెండో హార్మోనిక్, అంటే అదే స్వరం పై స్థాయి, ముందుగా పుడుతుంది. ట్రాన్సిస్టర్‌లో మూడోది పైకి వచ్చి చెవికి గరుకుగా తగులుతుంది. వాల్వు పక్షం వాళ్ళు దీన్ని వేదంలా పట్టుకున్నారు. అయితే ఆయన చూసింది స్టూడియోలో మైకు ప్రీయాంప్లిఫయర్లను, అదీ మోతాదు మించినప్పుడు. ఇంట్లో మోతాదు మించకపోతే ఆ తేడాకు చోటెక్కడ? ఈ ప్రశ్న నేనూ చాలా ఏళ్ళు వేసుకోలేదు.

అన్నయ్య 2009లో పోయాడు. వదిన ఆ వాల్వు సెట్టును నాకు పంపించింది. ఎండిపోయిన కండెన్సర్లు మార్చి, పాత ఆసిలోస్కోపు దుమ్ము దులిపి, రెండు సెట్లనూ పక్కపక్కన పెట్టాను. రెండింటి ధ్వనినీ మీటరుతో సమానం చేశాను. ఇది ముఖ్యం. ఏది కాస్త గట్టిగా పలికితే అదే బాగుందనిపిస్తుంది. అంగళ్ళలో బేరం కుదిరేదీ అలాగే.

నా సెట్టులో సిగ్నలు 30 మిల్లీవోల్టులు దాటగానే తెర మీద అల తల తెగిపోయింది. అన్నయ్య సెట్టు 200 దాటినా చలించలేదు. సగటున 5 అన్నా, గట్టిగా కోసిన రికార్డులో శిఖరాలు దానికి ఎన్నో రెట్లు ఎగురుతాయి. పైగా ఆ కార్ట్రిడ్జి మామూలు వాటికన్నా గట్టిగా పలికే రకం. సుబ్బులక్ష్మి గారి గొంతు పైకి వెళ్ళినప్పుడల్లా నా పెట్టె నిజంగానే గీసుకుంది. ముప్ఫై తొమ్మిదేళ్ళు అన్నయ్య చెవి సరిగ్గానే విన్నది.

కారణం మాత్రం వాల్వు కాదు, 12 వోల్టులు. తక్కువ బుస ఉండే బి.సి. 149 సిలికాన్ ట్రాన్సిస్టర్లతో, 40 వోల్టుల సప్లయితో మళ్ళీ కట్టాను. ఈసారి గీత లేదు. మా అబ్బాయిని మీటల దగ్గర కూర్చోబెట్టి, ఏది నడుస్తోందో నాకు చెప్పకుండా మార్చమన్నాను. పాట సాగుతుండగా చెప్పలేకపోయాను. పాటకూ పాటకూ మధ్య మాత్రం వాల్వు సెట్టు గుర్రు పట్టిచ్చేసింది. తర్వాత దాని ఫిలమెంట్లకు డి.సి. ఇచ్చి ఆ గుర్రునూ చాలావరకు అణిచాను.

ఆ సంక్రాంతికి వదిన వచ్చినప్పుడు అన్నయ్య సెట్టులోనే రికార్డు పెట్టాను. ఒక పక్క పూర్తయ్యేదాకా విని, "ఇది మన పెట్టెయేనా? గుర్రుమనడం లేదే!" అంది.

ఇ.సి.సి. 83లు స్లొవేకియా, చైనాలలో ఇప్పటికీ తయారవుతున్నాయి. మీలో ఎవరి అటక మీదైనా పాత వాల్వు సెట్టు ఉంటే తొందరపడి ప్లగ్గు పెట్టకండి. కండెన్సర్లు చూపించాకనే పెట్టండి. ప్లగ్గు పీకేసినా లోపల 250 వోల్టులు కాసేపు నిలిచే ఉంటాయి.