ఊళ్ళు మార్చుకుంటూ నిలిచిన హాకీ లీగ్

మా ఉంగుటూరు ప్రాంతంలో ఆటలకు ముహూర్తం పెట్టేది పంట. సార్వా కోతలు అయిపోయి, దాళ్వా పనులు ఊపందుకునే లోపు వచ్చే సంక్రాంతి రోజుల్లోనే కబడ్డీ, వాలీబాల్ పోటీలు జోరుగా సాగుతాయి. తుపాను వచ్చి కోతలు వెనకబడితే పోటీలూ నాలుగు రోజులు ఆగుతాయి, ఎవరూ తప్పు పట్టరు. డబ్బుతో నడిచే లీగులకు ఆ వెసులుబాటు లేదు. టీవీ ఒప్పందం, విదేశీ ఆటగాళ్ళ రాక, స్టేడియం ఖాళీ, జాతీయ జట్టు ప్రయాణాలు అన్నీ ముందే కుదిరి ఉండాలి. వాటిలో ఒక్కటి తప్పినా సీజన్ మొత్తం కదులుతుంది. మన దేశంలో హాకీ లీగ్ ఇరవయ్యేళ్ళుగా ఇలాంటి కుదుపులు తట్టుకుంటూ వచ్చింది. ఆ కథ మొదలైంది హైదరాబాద్‌లోనే.

నిజానికి హైదరాబాద్‌కు పెద్ద హాకీ వేదికయ్యే అవకాశం దక్కడంలోనే ఒక వాయిదా ఉంది. 2001 నవంబరులో ఢిల్లీలో జరగాల్సిన ఆఫ్రో-ఆసియా క్రీడలు, అమెరికాపై సెప్టెంబరు 11 దాడుల తర్వాత ఆగిపోయాయి. చివరికి 2003 అక్టోబరులో అవి హైదరాబాద్‌కు వచ్చాయి. అంతకు ముందటి ఏడాది జాతీయ క్రీడల కోసం కట్టిన మైదానాలు అప్పటికే సిద్ధంగా ఉన్నాయి. పురుషుల హాకీ ఫైనల్లో భారత్ 3-1తో పాకిస్తాన్‌ను ఓడించింది.

ఆ తర్వాత పదిహేను నెలలకే, 2005 జనవరిలో, ప్రీమియర్ హాకీ లీగ్ హైదరాబాద్‌లోని గచ్చిబౌలిలో మొదలైంది. క్రికెట్‌లో ఐపీఎల్ పుట్టడానికి మూడేళ్ళ ముందు సంగతిది. భారత హాకీ సమాఖ్య, ఈఎస్‌పీఎన్ స్టార్ స్పోర్ట్స్ కలిసి నడిపిన ఆ లీగ్‌లో జట్లకు రకరకాల నగరాల పేర్లున్నా, తొలి సీజన్ మ్యాచ్‌లన్నీ హైదరాబాద్‌లోనే జరిగాయి. కొత్త లీగ్‌కు ఊరూరా తిరిగే స్తోమత ఉండదు కాబట్టి ఒకే చోట ఆడించారు. టీవీకి అనువుగా ఆటను 17.5 నిమిషాల చొప్పున నాలుగు భాగాలు చేశారు. అంతర్జాతీయ సమాఖ్య నాలుగు భాగాల ఆటకు మారింది 2014లో. అంటే మనవాళ్ళు తొమ్మిదేళ్ళు ముందున్నారు. పాకిస్తాన్ పెనాల్టీ కార్నర్ నిపుణుడు సొహైల్ అబ్బాస్ హైదరాబాద్ సుల్తాన్స్ జెర్సీ వేసుకుని ఆడాడు. తొలి విజేత కూడా సుల్తాన్సే.

సరిగ్గా అదే చలికాలంలో ఉత్తర అమెరికాలో మంచు హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ మూతపడి ఉంది. జీతాల దగ్గర యజమానులకూ ఆటగాళ్ళకూ పొసగక, 2005 ఫిబ్రవరి 16న ఆ సీజన్ మొత్తాన్నీ రద్దు చేశారు. ఆ లీగ్ పెద్ద దెబ్బలు చాలానే తిన్నది. 1919లో సియాటిల్‌లో జరుగుతున్న స్టాన్లీ కప్ ఫైనల్ ఇన్‌ఫ్లుయెంజా వల్ల మధ్యలోనే ఆగింది. మాంట్రియల్ ఆటగాడు జో హాల్ ఆ జబ్బుతోనే చనిపోయాడు. నూట ఒక్క ఏళ్ళ తర్వాత కోవిడ్ వచ్చినప్పుడు మాత్రం లీగ్ చేతులెత్తేయలేదు. 24 జట్లను టొరంటో, ఎడ్మంటన్ నగరాల్లోని హోటళ్ళలో ఉంచి, ప్రేక్షకులు లేకుండా ఆడించి, 2020 సెప్టెంబరులో కప్పు ఇచ్చింది. మరుసటి సీజన్‌ను 82 మ్యాచ్‌ల నుంచి 56కి కుదించింది. సరిహద్దు మూసి ఉన్నందున కెనడా జట్లు ఏడింటినీ ఒకే విభాగంలో చేర్చింది.

మన దగ్గర లీగ్‌ను పడగొట్టింది రోగం కాదు. పాలన, క్యాలెండరు, డబ్బు. 2008 మార్చిలో భారత పురుషుల జట్టు ఎనభై ఏళ్ళలో తొలిసారి ఒలింపిక్స్‌కు అర్హత పొందలేకపోయింది. ఏప్రిల్‌లో సమాఖ్యే సస్పెండ్ అయింది. నాలుగు సీజన్లతో ప్రీమియర్ హాకీ లీగ్ ముగిసింది. 2011 డిసెంబరుకు అనుకున్న వరల్డ్ సిరీస్ హాకీ అనే మరో లీగ్ 2012 ఫిబ్రవరి 29కి జరిగి, ఒక్క సీజన్‌తో సరిపెట్టుకుంది. 2013 జనవరిలో హాకీ ఇండియా లీగ్ మొదలైన రోజుల్లోనే నియంత్రణ రేఖ దగ్గర ఉద్రిక్తత పెరిగి, తొమ్మిది మంది పాకిస్తాన్ ఆటగాళ్ళను వెనక్కి పంపేశారు. సొహైల్ అబ్బాస్‌ను హైదరాబాద్ తన వాడిగా చూసుకున్న ఎనిమిదేళ్ళకే ఇది జరగడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఉన్నవాళ్ళతోనే లీగ్ సాగింది. అయిదు సీజన్ల తర్వాత, 2017లో, అదీ ఆగింది. ఆ అయిదింటిలోనూ తెలుగు జట్టు ఒక్కటీ లేదు.

2024 డిసెంబరు 28న లీగ్ తిరిగి వచ్చింది. 2005లో సుల్తాన్స్ తరఫున ఆడిన దిలీప్ టిర్కీ అప్పటికి హాకీ ఇండియా సంస్థకు అధ్యక్షుడు. ఏడేళ్ళ విరామం తర్వాత మొదలు కాబట్టి మళ్ళీ పాత ఉపాయమే వాడారు. ఎనిమిది పురుషుల జట్లు, తొలిసారిగా నాలుగు మహిళల జట్లు, ఆడింది మాత్రం రూర్కెలా, రాంచీల్లోనే. హైదరాబాద్ తూఫాన్స్ ఫైనల్‌కు చేరి, 2025 ఫిబ్రవరి 1న బెంగాల్ టైగర్స్ చేతిలో 3-4తో ఓడింది. విశాఖ పేరు మీద గోనాసిక జట్టు ఆడింది. రెండు జట్లూ తమ ఊళ్ళో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

ఒకటి రెండు ఊళ్ళలో సీజన్ నడపడం ఆపద వేళ సరైన పనే. 2005లో లీగ్ నిలదొక్కుకుందంటే, 2024లో తిరిగి లేచిందంటే అదే కారణం. కానీ ఆ ఏర్పాటే శాశ్వతమైతే, హైదరాబాద్ అన్నది జెర్సీ మీద అక్షరాలుగా మిగులుతుంది తప్ప ప్రేక్షకులకు జట్టు కాదు. గచ్చిబౌలి ఒకసారి దేశం మొత్తానికి ఆతిథ్యమిచ్చింది. మన గోదావరి జిల్లాల వైపు చూస్తే, కాకినాడలో 2023 ఫిబ్రవరిలో సీనియర్ మహిళల జాతీయ హాకీ పోటీలే జరిగాయి. ఏలూరు, తాడేపల్లిగూడెం పిల్లలు పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం మ్యాచ్‌కు అందుకోగల దూరం అది. లీగ్ నిర్వాహకులు వచ్చే సీజన్లలో ఒక్క వారమైనా తెలుగు నేల మీద మ్యాచ్‌లు పెట్టాలి. అందుకు రెండు రాష్ట్రాల క్రీడా శాఖలూ ముందుకొచ్చి అడగాలి.