విజ్ఞానసర్వస్వ వ్యాసమును పరీక్షించు విధము: బార్తెలెమీ బొగాండా చరిత్ర

విజ్ఞానసర్వస్వమందలి వ్యాసము చరిత్రకు సంగ్రహరూపము. సంగ్రహించునపుడు దేనిని చేర్చవలెనో నిర్ణయించుటకంటె దేనిని విడువరాదో నిర్ణయించుట కష్టము. సుప్రసిద్ధుల విషయమున ఈ కష్టము అంతగా బాధింపదు. వ్యాసము విడిచినదానిని పది గ్రంథములు పూరించును. అల్పప్రసిద్ధులకు అట్టి ఆదరువు లేదు. వారినిగూర్చి పాఠకుడు చదువునది తఱచుగా ఆ యొక్క వ్యాసమే. కావున అట్టివారి వ్యాసములనే మిక్కిలి నిశితముగ పరీక్షింపవలెనని మా అభిప్రాయము. ఇందులకు మధ్యాఫ్రికా నాయకుడగు బార్తెలెమీ బొగాండాను ఉదాహరణముగ గ్రహించుచున్నాము.

ఆయనను గూర్చిన సంగ్రహవ్యాసము సామాన్యముగ ఈ విధముగ నడచును: ఫ్రెంచివారి ఏలుబడిలోని ఉబాంగి-షారిలో 1910లో జననము, 1938లో క్రైస్తవ గురుత్వము, 1946లో ఫ్రెంచి జాతీయసభకు ఎన్నిక, 1949లో మెసాన్ పక్షస్థాపనము, 1958లో మధ్యాఫ్రికా రిపబ్లికు ప్రకటనము, 1959 మార్చి 29న విమానప్రమాదమున మరణము. ఇందు అసత్యమేదియు లేదు. అయినను ఈ యాఱు వాక్యములు చదివిన విద్యార్థికి ఆ మనుష్యుడు బోధపడడు.

మొదట పదవుల మాట పరీక్షింతము. బొగాండాను స్వతంత్రదేశపు తొలి అధ్యక్షుడని వ్రాయుట పొరపాటు. 1958 డిసెంబరు 1న ప్రకటింపబడిన రిపబ్లికు ఫ్రెంచి సముదాయములోని స్వపరిపాలిత రాజ్యము మాత్రమే. బొగాండా దాని ప్రభుత్వమునకు అధిపతి. పూర్ణస్వాతంత్ర్యము 1960 ఆగస్టు 13న వచ్చినది. అప్పటికి ఆయన గతించి పదునాఱు నెలలు దాటినది. తొలి అధ్యక్షుడైనవాడు దావీద్ డాకో. రెండు తేదీలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఈ పొరపాటు దానంతట అదే తొలగును.

ఇక కారణముల మాట. బొగాండా పుట్టిన లోబాయె ప్రాంతము అటవీదేశము. 1899లో ఫ్రెంచి ప్రభుత్వము ఆ చుట్టుపట్ల భూములను నలుబదింటికి చేరువగ కంపెనీలకు పంచియిచ్చినది. రబ్బరు తెచ్చి యిమ్మని కంపెనీ భటులు గ్రామములపై పడి స్త్రీలను సైతము నిర్బంధించెడివారు. బొగాండా తల్లి అట్టి భటుల దెబ్బలకే మరణించెనని జీవితచరిత్రకారులు వ్రాసిరి. 1925-26లలో ఈ సీమలో తిరిగిన ఫ్రెంచి రచయిత ఆంద్రె జీద్, 1927లో ప్రకటించిన కాంగో యాత్రాగ్రంథమున బోడా ప్రాంతపు దారుణములను లోకమునకు వెల్లడించెను. 1928లో ఆరంభమైన కొంగో-వారా తిరుగుబాటు కూడ ఈ పీడనపు ఫలమే. ఈ పూర్వకథ తెలియనివానికి, మతగురువు రాజకీయములలోనికి వచ్చుట వింతగా తోచును. తెలిసినవానికి సహజముగ తోచును.

క్రైస్తవసంఘమే ఆయనను 1946 ఎన్నికలకు ప్రోత్సహించినది. అనంతరము వివాహనిశ్చయము కారణముగ 1949లో గురుత్వమునుండి తొలగించినది. 1951 జనవరిలో లోబాయెలో సహకారసంఘమునకును పోర్చుగీసు వర్తకులకును కలిగిన తగవులో కలుగజేసికొన్నందులకు ప్రభుత్వము ఆయనను నిర్బంధించినది; రెండునెలల శిక్ష పడినది. ఆ సంవత్సరము జూనులోనే ప్రజలు ఆయనను మరల ఎన్నుకొనిరి. శిక్షపడినవాడు ఓడిపోవునని తలచినవారు ప్రజల హృదయమును ఎఱుగరైరి.

ఆ హృదయమునకు ఆయన పట్టిన భాష సాంగో. 'జో క్వె జో' అనునది ఆయన సూత్రము. 'జో' యనగా మనుష్యుడు, 'క్వె' యనగా సర్వము. మనుష్యుడైన ప్రతివాడును మనుష్యుడే యని తాత్పర్యము. భాషాధ్యయనము చేయువారు గమనింపదగిన విశేషమిది: మనుష్యుని బరువుమోయు పశువుగ చూచిన పాలనకు ఎదురుగ మూడు చిన్న మాటలు నిలిచినవి. అన్నము, బట్ట, ఇల్లు, వైద్యము, విద్య యను ఐదింటిని ప్రజలకు సమకూర్చుటయే తన పక్షపు కార్యక్రమమని ఆయన ప్రకటించెను.

అన్నింటికంటె ముఖ్యమైన లోపము మఱియొకటి. బొగాండా మధ్యాఫ్రికా రిపబ్లికును స్థాపించెనని వ్యాసము చెప్పును. కాని ఆ పేరు ఆయన ఆ చిన్న దేశమునకు ఉద్దేశించినది కాదు. ఉబాంగి-షారి, చాద్, గాబన్, మధ్య కాంగో అను నాలుగు ఫ్రెంచి భూభాగములను ఒకే రాజ్యముగ నిలుపవలెనని ఆయన సంకల్పము. ఆ రాజ్యమునకే ఆ పేరు. సముద్రతీరము లేని తన పేదదేశము ఒంటరిగ బ్రదుకజాలదని ఆయన ముందే గ్రహించెను. తరువాత అంగోలా, బెల్జియన్ కాంగో, కామెరూన్ మున్నగు వానిని కూడ కలుపుకొనవచ్చునని ఆశించెను. సంపదగల గాబన్ నాయకులు తమ ఆదాయమును పొరుగువారితో పంచుకొన నిష్టపడలేదు. 1958 నవంబరు 28న గాబన్, కాంగో, చాద్ వేఱువేఱు రిపబ్లికులైనవి. మూడుదినములకు నాలుగింటికి కూర్చిన పేరు ఒక్కదానికి మిగిలినది. ఫలించినదానిని మాత్రమే చెప్పి సంకల్పించినదానిని విడిచినచో, వ్యాసము ఆ దేశపు పేరునకైనను అర్థము చెప్పజాలదు.

మరణమును గూర్చి జాగరూకత వలయును. బెర్బెరాతినుండి బాంగీకి వచ్చుచున్న విమానము కూలి అందున్నవారందఱును మరణించిరి. శిథిలములలో పేలుడు పదార్థపు జాడలు కనబడినవని లెక్స్‌ప్రెస్ పత్రిక 1959 మే నెలలో వ్రాసినది. కుట్ర జరిగినదన్న అనుమానము ఆనాటినుండి కలదు, నిరూపణము లేదు. అనుమానమును దాచుట ఎంత తప్పో, దానిని సిద్ధాంతముగ వ్రాయుటయు అంత తప్పు.

1966 ఆరంభమున అధికారము నాక్రమించి 1976లో చక్రవర్తినని ప్రకటించుకొన్న బొకాసా బొగాండాకు బంధువే. లోకము ఆ కిరీటధారణపు వేడుకను ఎఱుగును, బొగాండాను ఎఱుగదు. విజ్ఞానసర్వస్వము లోకము నెఱిగినదానినే మరల చెప్పిన ప్రయోజనమేమి? ఇట్టి వ్యాసములను పరీక్షించు పరిశోధకులు మూడు ప్రశ్నలు వేసికొందురుగాక: తేదీలు పదవులతో సరిపడుచున్నవా? కార్యముల వెనుక కారణములు కనబడుచున్నవా? నెఱవేఱిన పనితోపాటు నెఱవేఱని సంకల్పమునకు ఒక వాక్యమైనను దక్కినదా? బొగాండా విషయమున ఆ మూడవ ప్రశ్నకు వలయు సమాధానము ఆ దేశపు పేరులోనే నిలిచియున్నది.