ఓలియు కన్యాత్వమును

జఫర్‌గఢ్ కోట దాటి తూర్పుగా బోవువారికి మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతపు టడవులలో కోయల గూడెములు కానవచ్చును. గోదావరి యొడ్డున దుమ్ముగూడెములో నివసించిన జాన్ కెయిన్ అను క్రైస్తవ బోధకుడు పందొమ్మిదవ శతాబ్దమున ఈ జాతివారి పెండ్లిండ్లను గూర్చి వ్రాసియుంచెను. థర్‌స్టన్ 1909లో ప్రకటించిన గ్రంథమున ఆ వ్రాతలు చేరినవి. వధువు తల వంచి నిలుచును, వరు డామెపైకి వంగును, చెలికాండ్రు అతని తలపై నీరు పోయుదురు. ఆ నీరు జారి యామె తలపై బడగానే వారు ఆలుమగలు. ఇంతకంటె క్లుప్తమైన వివాహమును మన పురోహితు లూహింపజాలరు. కాని మనము గమనింపవలసినది నీళ్ల సంగతి కాదు. కోయలలో శిశువివాహము లేనేలేదని యాయన స్పష్టముగా జెప్పెను. ఈడు వచ్చిన పిమ్మటనే పెండ్లి. మేనకోడలిపై మేనమామకు హక్కు గలదు. పేదవాడైన వరుడు తోడివారిని గూర్చుకొని పిల్ల నెత్తుకొనిపోవుటయు గలదు. అందు పిల్ల యిష్ట మెంతయో యెవరు విచారించిరి?

అదే కాలమున మైదానమునందలి మన పండితులు రజస్వలయైన పిల్లకు పెండ్లి చేయుట పాపమనిరి. కన్యాత్వమును గాపాడుటకు వారు కనిపెట్టిన యుపాయము, కన్యకు బుద్ధి తెలియకమున్నే తాళి కట్టుట. విజయనగరము మహారాజు ఆనందగజపతి విశాఖపట్టణము జిల్లాలో బ్రాహ్మణ కుటుంబములందు జరిగిన శుల్కవివాహముల పట్టిక వ్రాయించెను. ఆ లెక్కలు గురజాడ అప్పారావు తన కన్యాశుల్కమునకు వ్రాసిన పీఠికలో నున్నవి. మూడేండ్లలో 1034 వివాహములు. పెండ్లికూతుండ్రలో అయిదేండ్లవారు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది శిశువులు ముగ్గురు! ఆ శిశువుల వెల 350 మొదలు 400 రూపాయలవరకు. మగడు మరణించినచో ఆ శిశువు జీవితాంతము విధవ. 1881లో వీరేశలింగము పంతులు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము చేయించి, ఊరివారిచే వెలివేయబడి పడిన పాట్లు మన యిండ్లలో చెప్పుకొన్నవే.

ఇట్టి మనవారే ఆఫ్రికాలో పిల్లను ఆవుల కమ్ముదురని నవ్వుచుండిరి. ఆ నవ్వు తగునా? జూలూజాతివారు ఓలిని లోబోలా యందురు. 1869లో నేటాలు ప్రభుత్వము సామాన్యునికి పది పశువులని దాని మేర నిర్ణయించెను. ఇవి గాక తల్లికి వేరుగా నొక యావు. బిడ్డను కన్యగా పెంచినందులకు అది యామె గౌరవము. పెండ్లికి ముందే యొకడు పిల్లను చెఱచినచో ఆ యావును వాడే తెచ్చి యిచ్చుకొనవలెను. అనగా తప్పునకు మగవాడును చెల్లింపవలసినదే. మన స్మృతుల పేరు చెప్పువారు వాని జోలికి బోయినది తక్కువ.

అక్కడి యువతీయువకులు పెండ్లికి ముందు కలిసికొనుట నిషిద్ధము కాదు. హద్దు మీరుట నిషిద్ధము. ఆ హద్దును గాచువారు పహరా పెట్టిన తండ్రులు కారు, ఈడైన యాడపిల్లలే. వారిలో పెద్దదగు ఇఖికిజా తన చిన్న చెలుల వలపులను కనిపెట్టి, బుద్ధి చెప్పి, ఎవనికి సమాధాన మియ్యవచ్చునో నిర్ణయించును. కెన్యాలోని కికూయులలోను ఇట్టి మర్యాద యుండెనని జోమో కెన్యాట్టా 1938లో వ్రాసెను.

వీరి నాకాశమున కెత్తవలెనని నా భావము కాదు. బహుభార్యాత్వ మచ్చట పెద్దమనిషితనమునకు గుర్తు. ఓలి మరల నీయలేక పుట్టింటివారు కూతును క్రూరుడగు మగనియొద్దకే తిరిగి పంపుటయు గలదు. కన్యాత్వపరీక్ష యను పేర బాలికల దేహములను వెదకుట మరియు హేయము. దక్షిణాఫ్రికా 2005నాటి బాలల చట్టమున పదునాఱేండ్లలోపు పిల్లలకు దానిని నిషేధించెను.

మన తెలుగువారికి ఈ జూలూలు పొరుగువారే యైరి. 1860లో మదరాసునుండి ట్రూరో యను నోడపై నేటాలు చేరిన తొలి కూలీలలో తెలుగువారును ఉండిరి. 1913 మార్చిలో సర్ల్ అను న్యాయమూర్తి, క్రైస్తవపద్ధతిని జరుగని పెండ్లి చట్టమున చెల్లదని తీర్పు చెప్పెను. అగ్నిసాక్షిగా, మంగళసూత్రముతో జరిగిన మన పెండ్లిండ్లును ఆ యొక్క మాటతో పెండ్లిండ్లు గాకపోయెను! ఆవుల పెండ్లిని చూచి నవ్వినవారికి తమ పెండ్లి కాగితములకై పోరాడవలసి వచ్చెను. ఆ యేటనే కస్తూరిబా మొదలగు స్త్రీలు సత్యాగ్రహమున కుఱికి చెఱసాలకు బోయిరి; 1914లో చట్టము మాఱెను. లోబోలా పెండ్లిండ్లకు సంపూర్ణమైన చట్టగౌరవము 1998నాటి శాసనముతోగాని రాలేదు.

ఇచ్చట బ్రిటిషు ఇండియాలో బాలికకు పదునాలుగేండ్లు నిండవలెనని 1929లో పుట్టిన శారదాచట్టము 1930 ఏప్రిలు 1న అమలులోనికి వచ్చెను. జఫర్‌గఢ్ నిజాము రాజ్యములోనిది. ఆ చట్టము దాని పొలిమేర దాటలేదు. ఆ నాళ్లలో కోయపిల్లకు ఈడు వచ్చువరకు గూడెపు ఆచారము రక్షగా నుండెను. కోటక్రింది యూరి పిల్లకో, సర్కారు చట్టము లేదు, ఆచారము తాళి పుచ్చుకొని వాకిట నిలిచెను.