పురమందిరమున వినికి – గ్రంథాలయమునకు తల్లివేరు

చదువు కంటితోనే అబ్బునని నేటివారి తలంపు. ఆంధ్రదేశమున అది చెవితో మొదలయ్యెను. పంట ఇల్లు చేరిన పిమ్మట రచ్చబండకడ ఒకరు భారతము చదువ, మరియొకరు అర్థము చెప్ప, ఓనమాలు రాని సేద్యగాండ్రును ధర్మరాజు కష్టములకు కంటతడి పెట్టుచుండిరి. అయితే ఆ వేదికకొక కొరత కలదు. పెద్దలు చెప్పినది వినుటయే గాని, క్రొత్తమాట పలుకుటకు, దానిని ప్రశ్నించుటకు అచట తావు తక్కువ.

ఆ కొరత ఎంతటిదో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారికి అనుభవమునకు వచ్చెను. 1874లో వారు స్థాపించిన 'వివేకవర్ధని' పత్రిక చదువరులకే చేరుచుండెను. 1880లో 'వ్యవహార ధర్మబోధిని' నాటకమును ఆడించి, న్యాయస్థానములలోని అక్రమములను చదువురాని వారికిని కన్నులకు కట్టించిరి. 1881 డిసెంబరు 11వ తేదీన తొలి వితంతు వివాహము జరిపించిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి గాని, ఊరిలో పెక్కుమంది వెలి పెట్టిరి. ఇట్టి విషయములను ఎదుటబడి చెప్పుటకును, ఎదురుమాట వినుటకును పదిమంది కూర్చుండు చోటు కావలసియుండెను. 1890లో పంతులుగారు అచట టౌన్‌హాలు నిర్మించిరి. గుడి మండపమునకు ధర్మకర్త, దివాణమునకు జమీందారు యజమానులు. ఈ మందిరము పురజనులది.

ఆ నగరమునందే చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు పెంపొందిరి. చిన్ననాటినుండి వారి చూపు మందము. ఇతరులు చదువగా విని విద్య గడించిరి. తాము చెప్పగా ఇతరులచేత వ్రాయించిరి. 1907లో బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరమునకు వచ్చి ఆంగ్లమున ఉపన్యసింపగా, చిలకమర్తివారు అప్పటికప్పుడు తెనుగున వినిపించిరి. ఆ సందర్భమున భరతఖండమును పాడియావుతోను, ప్రజలను ఆకలిగొన్న లేగదూడలతోను పోల్చి వారు చెప్పిన పద్యము నోటినుండి నోటికి ఆంధ్రమంతట ప్రాకెను. అచ్చుకంటె వినికి వేగము హెచ్చని దానివలన తేలినది.

1914 ఏప్రిల్ 10వ తేదీన అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయముల తొలి మహాసభ జరిగెను. అధ్యక్షులు ఈ చిలకమర్తివారే. చెవితో చదువుకొన్న కవి పుస్తకశాలల సభకు పెద్దయైనారు. పుస్తకము కన్నులున్న వారి సొత్తు మాత్రమే కాదనుటకు ఇంతకుమించిన నిదర్శనమేల?

ఉత్తరాంధ్రమునను ఈ రెండు పాయలు గలవు. 1886లో విశాఖపట్టణమున మంతెన ఆదినారాయణమూర్తిగారు సరస్వతీ నిలయమను గ్రంథాలయము నెలకొల్పిరి. విజయనగరమున గురజాడవారి 'కన్యాశుల్కము' 1892లో రంగమెక్కి, 1897లో అచ్చయ్యెను. చదువరులకంటె ముందు ప్రేక్షకులే దానిని ఎరిగిరి. ఆదిభట్ల నారాయణదాసుగారు హరికథలో పద్యమును, పాటను, వ్యాఖ్యానమును కలిపి ప్రౌఢ సాహిత్యమును సామాన్యుల చెంతకు చేర్చిరి. 1919లో విజయనగర సంగీత కళాశాలకు వారే తొలి అధ్యక్షులు.

సీతమ్మధార నేడు విశాఖ మహానగరమున కలిసినది. ఓడరేవునకు, ఉక్కు కర్మాగారమునకు పోయివచ్చు వారికి తీరిక తక్కువ. వృద్ధులకు చూపు ఆనదు. కూలిజనులలో చదువురాని వారింకను కలరు. బీరువా తాళము తీసినంతమాత్రమున వీరికి పుస్తకము తెరచుకొనదు. గ్రంథములు కొనుటకు చందా చాలును. వానిని వినిపించుటకు మనిషి కావలెను.

కావున రజతోత్సవ వేళ ఈ గ్రంథాలయము చేయదగిన పని యొకటి కలదు. వారమున కొక సాయంకాలము ఒకరు బిగ్గరగా చదువవలెను. మరియొకరు అర్థము చెప్పవలెను. విన్నవారిలో సందేహము గలవారిని ప్రశ్నింపనీయవలెను. మొదటి రెండును రచ్చబండ నేర్పినవి. మూడవది పురమందిరము నేర్పినది. ఆ మూడును కలిసినచోట నాలుగు బీరువాలున్నను అది గొప్ప గ్రంథాలయమే.