గటక ఉడికిన చప్పుడు

1800 ప్రాంతంలో ఇటలీ శాస్త్రవేత్త అలెస్సాండ్రో వోల్టా తాను కనిపెట్టిన బ్యాటరీ కొసలు రెండు చెవుల్లో పెట్టుకున్నాడు. తల అదిరింది. ఆ వెంటే చిక్కటిదేదో కుతకుతలాడుతున్న చప్పుడు వినిపించిందట. పాలమూరు మాటల్లో చెప్పాలంటే, పొయ్యి మీద గటక ఉడికిన చప్పుడు. ప్రమాదమని మళ్లీ ఆ జోలికి పోలేదు. బయట ఏ శబ్దమూ లేకున్నా కరెంటుతో వినిపిస్తుందని మాత్రం అప్పుడే తేలింది.

1957 ఫిబ్రవరి 25న పారిస్‌లో జుర్నో, ఎరియెస్ అనే ఇద్దరు, రెండు చెవులా వినికిడి పోయిన ఒకాయన వినికిడి నరానికి తీగచుట్ట అమర్చారు. ఆయనకు కీచురాళ్ల అరుపులాంటిది వినపడింది. 1961లో లాస్ ఏంజెలెస్‌లో విలియం హౌస్ కూడా ప్రయత్నించాడు. ఒక్క తీగతో మాట ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో తెలుస్తుంది. ఏ మాటో పట్టుకోవడం గగనం.

చిక్కంతా లోపలి చెవిలోని కాక్లియాలోనే ఉంది. నత్తగుల్లలా చుట్టుకున్న ఆ గొట్టం వాకిట్లో సన్నని కీచు శబ్దాలు, లోపలి కొసన గంభీరమైనవి పలుకుతాయి. అంటే తీగ లోపలిదాకా పోయి, ఎక్కడికక్కడ నరాన్ని తట్టాలి. చెవుడున్న తండ్రిని చూస్తూ పెరిగిన ఆస్ట్రేలియా డాక్టరు గ్రేమ్ క్లార్క్, సముద్రపు ఒడ్డున గుల్లలోకి గడ్డిపరక దూర్చి చూశాడు. కొస మెత్తగా, మొదలు గట్టిగా ఉన్న పరక మలుపులు తిరిగి లోపలికి పోయింది. 1978 ఆగస్టు 1న మెల్‌బోర్న్‌లో ఆయన తొలి ఆపరేషన్ చేశాడు. తీగ మీది ఎలక్ట్రోడ్లన్నిటికీ ఒకేసారి కరెంటు వదలకుండా ఒకదాని వెంట ఒకటిగా వదిలే పద్ధతిని 1991లో బ్లేక్ విల్సన్ బృందం ప్రకటించాక మాట బాగా తేటపడింది.

మామూలు చెవి మిషన్ శబ్దాన్ని పెంచుతుంది. ఇలా రూపుదిద్దుకున్న కాక్లియర్ ఇంప్లాంట్ అలా కాదు. చెవి వెనక ప్రాసెసర్ శబ్దాన్ని విడగొట్టి, తల మీద అయస్కాంతంతో అంటుకున్న కాయిల్ గుండా లోపలికి పంపుతుంది. కాక్లియాలోని దాదాపు 3,500 లోపలి వెంట్రుక కణాలు చేసే పనిని 12 నుంచి 22 ఎలక్ట్రోడ్లు చేయాలి. అందుకే పెద్దయ్యాక వినికిడి పోయినవాళ్లకు స్విచ్ ఆన్ రోజున మనుషుల గొంతులు కార్టూన్ బొమ్మల గొంతుల్లా, రేకు మీద గీసినట్టు ఉంటాయి. నెలలు గడిచేకొద్దీ అవే గొంతులు గుర్తుపట్టేలా కుదురుకుంటాయి. పుట్టుకతో వినపడని బిడ్డకు ఇలా పోల్చుకునేందుకు పాత శబ్దమే లేదు. వాళ్లమ్మ గొంతు అంటే ఇదే.

గద్వాలలో మగ్గం ఉన్న ఇల్లు అనుకోండి. మగ్గం టకటక, డప్పు దరువు ఆ బిడ్డకు చక్కగా అందుతాయి. లయను ఈ యంత్రం బాగా మోస్తుంది. రాగం దగ్గరే తడబడుతుంది. 'కల', 'కాల' తేడా నిడివితో దొరుకుతుంది. 'కల', 'కళ' తేడాకు చాలా సాధన కావాలి.

ఈ ఆపరేషన్‌ను పేదలకు చేయించే ప్రభుత్వ పథకం ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న అది మొదలైన మూడు జిల్లాల్లో పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ ఒకటి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అప్పట్లో ఆ జిల్లాలోవే. 2016 అక్టోబరులో వేరు జిల్లాలయ్యాయి. లక్షలు పోస్తే గానీ అందని ఈ పిల్లల ఆపరేషన్ ఆ పథకంలో చేరడం పేదింటికి ఎంత పెద్ద మాటో చెప్పలేను. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలోనూ చేస్తున్నారు. అయితే ఆపరేషన్ సగమే. ఏ ఎలక్ట్రోడ్‌కు ఎంత కరెంటో సరిచేసే మ్యాపింగ్‌కు, మాటల శిక్షణకు ఏళ్ల తరబడి తిరగాలి. గద్వాల నుంచి హైదరాబాద్ 180 కిలోమీటర్ల పైనే. కూలి పోగొట్టుకొని బిడ్డను చంకనేసుకొని బస్సెక్కే తల్లికి శిక్షణ దగ్గర్లోనే దొరకాలి. కాయిల్ తీగ తెగితే కొనే ఖర్చు కూడా ఆమె మీద పడకూడదు.

పొద్దున్నే తేమ పీల్చే డ్రైబాక్సులోంచి ప్రాసెసర్ తీసి పెట్టి, ఆ తల్లి బిడ్డ వెనక కూర్చుంటుంది. ఆ, ఊ, ఈ, ష్, స్, మ్ అని ఒక్కొక్కటే పలుకుతుంది. వినపడ్డప్పుడల్లా బిడ్డ ఒక గింజ గిన్నెలో వేస్తాడు. 'స్' దగ్గర చెయ్యి కదలకపోతే ముందు బ్యాటరీ మారుస్తుంది. తర్వాత కాయిల్ చూస్తుంది. అప్పటికీ కదలకపోతే హైదరాబాద్ బస్సే.